పెద్దొదిన డైరెక్టరీ

మా పెద్దొదినకి కుళ్లు అని నేనంటే మా పెద్దన్న మూతి ముడుచుకుంటాడు. ముడుచుకోనీ. ఆయన్ని సంతోషపెట్టడానికి ఉన్నమాట మింగేసే మనిషిని కాదు నేను. అయితే ఆ కుళ్లు అందరికీ ఉండే రకం కాదని కూడా చెప్పాలి. పక్కవాళ్లు కారు కొన్నా, ఎదురింటివాళ్లు మేడ మీద మేడ వేసినా ఆవిడ కన్నెత్తి చూడదు. ఆవిడకి కావలసింది ఒక్కటే. ఎవరికి ఏ అవసరం వచ్చినా ముందు తనని అడగాలి. తనని దాటేసి ఇంకొకరి దగ్గరికి వెళ్లారా, ఇక ఆ పూట ఆవిడకి ముద్ద దిగదు.

మేమంతా ఒకే ఇంట్లో ఉంటాం. అమ్మ, ఇద్దరన్నలు, ఇద్దరొదినలు, పెళ్లి మాటెత్తితే కసిరే నేను. అన్నలిద్దరూ ఎక్కడెక్కడో పనిచేసుకుంటారు, వాళ్లతో ఈ కథకి పనిలేదు. ఆడవాళ్లం ముగ్గురం మాత్రం ఒకే వర్క్‌షాపులో పనిచేస్తాం. కాళ్లు పోయినవాళ్లకి కొత్త కాళ్లు చేసే చోటు అది. పెద్దొదిన అక్కడి కంప్యూటర్లన్నీ చూసుకుంటుంది. నేను ట్రయల్ గదిలో ఉంటాను. కాలు తొడిగి, రెండు కడ్డీల మధ్య మనిషిని నిలబెట్టి నడిపించడం నా పని. భయపడేవాళ్లని బుజ్జగించడం నాకు చేతకాదు. కసురుతాను. విచిత్రం ఏమిటంటే కసిరితేనే ఎక్కువమంది నడుస్తారు.

పెద్దొదిన ఆ వర్క్‌షాపులో చేరిన రోజుల్లో కంప్యూటర్లంటే అక్కడ అందరికీ హడలు. తెర నల్లబడితే చాలు, ఫోమ్ దిమ్మలు చెక్కే గదిలోవాళ్లు చేతులు పైకెత్తేసేవాళ్లు. ఆవిడ వచ్చి జుట్టు ముడిలో పెన్ను గుచ్చుకుని, కీబోర్డు మీది ఫోమ్ పొడి ఊదేసి, నాలుగు ముక్కలు టైపు చేసేది, అంతే, మెషీన్ లేచి కూర్చునేది. ఆ తర్వాత చుట్టూ ఒకసారి చూసేది. ఎవరైనా మెచ్చుకుంటే వినబడనట్టు వెళ్లిపోయేది. మెచ్చుకోకపోతే వారం రోజులు గుర్తుపెట్టుకునేది. టీ దగ్గర ఆవిడ పక్కన కూర్చుని కూర్చుని ఈ కంప్యూటర్ గొడవంతా నాక్కూడా ఒంటబట్టింది. వద్దన్నా చెప్పేది కదా మరి.

ఇలా ఏలుతున్న రోజుల్లో చిన్నన్న పెళ్లయింది, చిన్నొదిన వచ్చింది.

చిన్నొదిన గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్తాను. తెలివైనది. నవ్వుమొహం. చెంచా ఎక్కడ తీస్తే అక్కడ పెట్టడం ఈ జన్మలో రాదు. స్నానాల గది అద్దం మీద వేలితో లెక్కలు గీసి వదిలేస్తుంది, అవి తుడవడం నా వంతు. ఆవిడ చదివిందీ కంప్యూటర్లే, అయితే ప్రోగ్రాములు రాసే రకం. వర్క్‌షాపులో కొత్త ప్రోగ్రాము రాయించాలని మా మేనేజరు అనుకుంటున్న సమయానికి సరిగ్గా ఆవిడ ఖాళీగా ఉంది. మేనేజరు ప్రతి మాటా తూచి, మాటకీ మాటకీ మధ్య ఒక టీ తాగేంత వ్యవధి ఇస్తాడని మేం ఆయన్ని తూనిక అంటాం. ఆ తూనిక పెద్దొదినని పిలిచి, మీ తోడికోడల్ని తీసుకుందామా అని అడిగాడు. ముందు తనని అడిగారు కదా, పెద్దొదిన ఉప్పొంగిపోయి సరేనంది. తర్వాత ఏం జరగబోతోందో తెలిసుంటే ఆ తల అడ్డంగా ఊగేది.

అప్పటికి అమ్మ కాలి పుండు ముదిరింది. షుగరు. పుండు మొదలైన రోజు నుంచి రోజూ కడిగి, మందు రాసి, గుడ్డ మార్చింది పెద్దొదిన. కూతుర్నయ్యుండి నేను వాసనకి మొహం తిప్పుకుంటే, కోడలైన ఆవిడ వంగి కూర్చుని చేసింది. అమ్మ అప్పట్లో కళ్లు తెరిస్తే "పెద్దమ్మాయ్" అనేది. ఆ పిలుపు కోసం ఆవిడ పొయ్యి మీద పాలు పొంగినా వదిలేసి పరిగెత్తేది. చివరికి డాక్టర్లు మోకాలి కింద నుంచి కాలు తీసేశారు. అమ్మని ఇంటికి తెచ్చి ముందు గదిలో మంచం వేశాం.

అక్కడి నుంచి పిలుపు మారింది. నీళ్లు కావాలంటే "చిన్నమ్మాయ్". దుప్పటి జారితే "చిన్నమ్మాయ్". ఒక సాయంత్రం పెద్దొదిన పని నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతోంది, సాక్షాత్తూ అమ్మ కళ్లెదుట. అమ్మ ఆవిణ్ణి చూస్తూనే "చిన్నమ్మాయ్, మంచినీళ్లు" అంది. పెద్దొదిన మొహం నేను చూశాను. చెప్పు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చిన్నొదిన ఎగురుకుంటూ వచ్చి నీళ్లిచ్చి, గ్లాసు కిటికీలోనే వదిలేసి పోయింది. ఆ గ్లాసు పెద్దొదిన తీసుకెళ్లి కడిగింది. కడిగిందే కడిగింది. గ్లాసు అరిగిపోతుందేమో అనుకున్నాను.

ఇంట్లో అలా ఉంటే వర్క్‌షాపులోనూ అదే తంతు. చిన్నొదిన ప్రోగ్రాము ఏం చేస్తుందంటే, మోకాలి కింద మిగిలిన భాగాన్ని స్కాన్ తీసి, ఆ ఆకారాన్ని లెక్కగట్టి, చెక్కే మెషీన్‌కి పంపుతుంది. మెషీన్ ఫోమ్ దిమ్మని ఆ ఆకారంలో చెక్కుతుంది. దాని మీద వేడి ప్లాస్టిక్ రేకు లాగితే సాకెట్ తయారు. కాలు కూర్చునే గిన్నె లాంటిదన్నమాట. సాకెట్ సరిగ్గా ఉంటే మనిషి నడుస్తాడు, లేకపోతే కుర్చీనే గతి. అంతకుముందు తడి ప్లాస్టర్ చుట్టి అచ్చు తీసి, ఆ అచ్చు కొలతలే మెషీన్‌కి ఇచ్చేవాళ్లం, ఒకసారి కుదరకపోతే మళ్లీ, మళ్లీ. అమ్మ చర్మం అన్నిసార్లు ప్లాస్టర్‌ని తట్టుకోదని డాక్టరు చెప్పేశాడు. అందుకని కొత్త పద్ధతిలో మొదటి కాలు అమ్మకే చేద్దామని తూనిక ఒప్పుకున్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే తర్వాతది మీ తలకెక్కదు. కంప్యూటర్లో ఏ ప్రోగ్రామూ తనకి కావలసినవన్నీ మూటగట్టుకుని రాదు. పదింటికి పనికొచ్చే లెక్కలు విడిగా ఫైళ్లలో ఉంటాయి. వాటిని లైబ్రరీలంటారు. ప్రోగ్రాము లేవగానే, ఫలానా పేరుగల లైబ్రరీ కావాలని వెతుక్కుంటూ బయల్దేరుతుంది, ఇంట్లో పంచదార నిండుకుంటే గ్లాసు పట్టుకుని పక్కిళ్లకి వెళ్లినట్టు. ఏ గుమ్మం ముందు, ఏ గుమ్మం తర్వాత అని దానికో వరస ఉంది. ఆ పేరు ముందు ఎక్కడ దొరికితే అక్కడే తీసుకుంటుంది. పాతదా కొత్తదా అని చూడదు. ఇంకో గుమ్మం దాకా వెళ్లనే వెళ్లదు.

మామూలుగా ఏ లైబ్రరీ ఏ డైరెక్టరీలో, అంటే ఏ గుమ్మంలో, ఉందో మెషీన్ మొత్తానికీ ఒక ఉమ్మడి జాబితా ఉంటుంది, ప్రోగ్రాములు దాన్ని చూసుకుని పోతాయి. కానీ ఆ జాబితా కన్నా ముందు చెల్లే మాట ఇంకోటుంది. దాని పేరు ఎల్‌డీ లైబ్రరీ పాత్. అందులో ఏ డైరెక్టరీ పేరు రాస్తే ప్రోగ్రాములు ముందు అక్కడికి వెళ్తాయి. మా పాత చెక్కే మెషీన్‌ని నడిపే ప్రోగ్రాముకి పాత లైబ్రరీయే కావాలి, కొత్తది దానికి గిట్టదు. అందుకని పెద్దొదిన ఆ పాతదాన్ని తన డైరెక్టరీలో దాచి, ఆ ఒక్క ప్రోగ్రాము లేచేటప్పుడు మాత్రమే ఈ మాట చెప్పే ఏర్పాటు చేసింది. కొత్తగా ఎవరు చేరినా ఆవిడ మొట్టమొదట చెప్పే పాఠం ఇదే. ఆ మాట ఒక్క ప్రోగ్రాముకి పోసే మందు, అందరి నోట్లో పోయకూడదు అని. నాకే ఎన్నిసార్లు చెప్పిందో. నేనేమో ఈ జన్మలో దాని జోలికి వెళ్లను.

చిన్నొదిన ఆ పాత లైబ్రరీనే, అంటే ఆకారం లెక్కలు చేసేదాన్ని, తీసుకుని బాగుచేసింది. పేరు పాతదే, లోపల కొత్త లెక్క. కాలికి ముందు మందపాటి సాక్సు తొడుగుతాం, దాని మీద సాకెట్. ఆ సాక్సు మందానికి చోటు వదలడం పాత లైబ్రరీకి తెలీదు, మేమే చేత్తో అరగదీసి సరిచేసేవాళ్లం. కొత్తది తనంతట తనే చోటు వదులుతుంది. దాన్ని ఉమ్మడి జాబితాలో చేర్చగానే వర్క్‌షాపంతా చిన్నొదిన చుట్టూ చేరింది. చెక్కే గదిలో వాళ్లయితే తెర కాస్త మిణుకుమన్నా చాలు, పెద్దొదిన బల్ల ముందు నుంచే నడుచుకుంటూ పోయి చిన్నొదినని అడగడం మొదలుపెట్టారు. ఒకతను వెళ్తూ వెళ్తూ పెద్దొదిన బల్ల మీది స్టేప్లర్ కూడా అడిగి తీసుకెళ్లాడు. ఆవిడ ఇచ్చింది. ఆ స్టేప్లర్ అతని నెత్తిన పడలేదంటే అది అతని అదృష్టం.

ఆ మధ్యాహ్నమే పెద్దొదిన పని కానిచ్చేసింది. ఆ ఒక్క ప్రోగ్రాముకి మాత్రమే చెప్పే మాటని తీసి, వర్క్‌షాపు మెషీన్లలో ఎవరు లాగిన్ అయినా మెషీన్ ముందుగా చదివే ఫైల్లో రాసేసింది. అంటే ఇకపై ఆ మెషీన్లలో ఏ ప్రోగ్రాము లేచినా, ఏ లైబ్రరీ కావాలన్నా, ముందు పెద్దొదిన డైరెక్టరీ గుమ్మం తొక్కాల్సిందే. ఎందుకలా చేశావని తర్వాత నేనడిగితే, పాత మెషీన్ మొరాయిస్తోందని మొదట ఏదో చెప్పబోయింది. నేను ఊరుకుని చూశాను. "కనీసం అవైనా ముందు నా దగ్గరికి వస్తాయని" అంది.

నవ్వకండి. ఆ మాట అన్నప్పుడు ఆవిడ మొహం మీరు చూడలేదు.

అమ్మ కాలిని స్కాన్ తీశారు. చిన్నొదిన తన బల్ల మీది మెషీన్‌లో అన్నీ సరిచూసుకుంది. ఆ మెషీన్ ఆవిడ సొంతం, పెద్దొదిన రాసిన లైను అందులో లేదు. అక్కడ అంతా లక్షణంగా వచ్చింది. అదే ప్రోగ్రాము చెక్కే గది మెషీన్‌లో లేచేసరికి, లైబ్రరీ కోసం బయల్దేరి, మొదటి గుమ్మంలోనే అదే పేరుతో పాతది కనిపిస్తే తీసేసుకుంది. పేరు కలిసింది కాబట్టి ఎక్కడా తప్పు అనలేదు, ఎర్ర అక్షరం ఒక్కటీ రాలేదు. సాక్సు మందం సంగతి చెప్తే పాతది విననట్టు ఊరుకుంది. ఫోమ్ చెక్కడం, ప్లాస్టిక్ లాగడం, అన్నీ అయిపోయాయి. సాకెట్ చూడ్డానికి ముద్దొచ్చేలా ఉంది.

ట్రయల్ గదిలో అమ్మకి నేనే తొడిగాను. సాక్సు వేసి, సాకెట్లోకి కాలు దించి, కడ్డీలు పట్టించి లేపాను. అమ్మ నిలబడింది. అన్ని నెలల తర్వాత అమ్మ మొహం నా మొహానికి ఎదురుగా వచ్చింది. తల పక్కకి తిప్పుకుని "నడు, నడు, బొమ్మలా నిలబడ్డావేం" అని కసిరాను. అమ్మ అడుగు వేసింది. బరువు ఆ కాలి మీద పడగానే పళ్లు బిగబట్టింది. ఇంకో అడుగు వేసి కడ్డీ మీదికి వాలిపోయింది. తీసి చూస్తే చుట్టూ ఎర్రగా కమిలిపోయింది. అమ్మ ఏడవలేదు. కుర్చీలో కూర్చుని, చీదరించుకున్నట్టు ఆ సాకెట్ వైపు చూసి, "నాకు కాలొద్దు. కుర్చీ చాలు. ఇంకెప్పుడూ నన్నిక్కడికి తీసుకురాకండి" అంది.

మా అమ్మ ఒకసారి వద్దందంటే ఇక దేవుడు దిగొచ్చినా మారదు. ఇప్పుడు నిలబడకపోతే కాలి కండ కరిగిపోతుంది, తర్వాత కావాలనుకున్నా నిలబడలేదు. అది నాకు తెలుసు, ఒదినలిద్దరికీ తెలుసు.

తూనిక వచ్చి సాకెట్ చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసి, కొత్త ప్రోగ్రాము ప్రస్తుతానికి ఆపేద్దామన్నాడు. చిన్నొదిన మొహం కందగడ్డయింది. తన మెషీన్‌లో మళ్లీ వేసి చూసుకుంది. సరిగ్గానే వస్తోంది. ఎక్కడ తప్పిందో తెలియక చెక్కే గది ముందు అటూ ఇటూ తిరిగింది. పెద్దొదిన మాత్రం తన బల్ల దగ్గర కదలకుండా కూర్చుంది. నాకు బాగా తెలుసు ఆవిడ, అందుకే చెప్తున్నాను. పెదవి చివర ఒక చిన్న కదలిక కనిపించింది. సంతోషం. కాసేపే, కానీ సంతోషమే. నా చేతిలో ఏదైనా ఉంటే విసిరేసేదాన్ని.

ఇంటికొచ్చాక అమ్మ ఎవర్నీ పిలవలేదు, గోడ వైపు తిరిగి పడుకుంది. ఎవరూ చెప్పకుండానే పెద్దొదిన మందు డబ్బా తీసుకుని వెళ్లింది, పాత రోజుల్లోలా. గుడ్డ విప్పి కమిలిన చోటు చూసింది. నేను దీపం దగ్గరగా పట్టుకున్నాను. చర్మం మీద సాక్సు అల్లిక అచ్చు పడింది, ఒక్కో ముడీ కనిపించేలా. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ కాదు, చుట్టూ ఒకేలా ఉంది. పెద్దొదిన వేలు ఆ అచ్చు చుట్టూ తిరిగి తిరిగి ఆగిపోయింది. కొలత తప్పితే ఒక పక్కే నొక్కుతుంది. చుట్టూ సమానంగా నొక్కిందంటే సాక్సుకి చోటు వదల్లేదన్నమాట. అది వదలని లైబ్రరీ ఎవరి డైరెక్టరీలో ఉందో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు. మందు రాసింది. గుడ్డ కట్టింది. లేచి వంటింట్లోకి పోయి చాలాసేపు రాలేదు.

మర్నాడు వర్క్‌షాపు తలుపులు తీయగానే ఆవిడ చెక్కే గది మెషీన్ ముందు కూర్చుంది. ఏ ప్రోగ్రాము ఏ లైబ్రరీని ఎక్కడి నుంచి తెచ్చుకుంటోందో అడిగితే చెప్పే చిన్న ఆజ్ఞ ఒకటుంది, అది కొట్టింది. వరసగా పేర్లు వచ్చాయి. వాటి మధ్యలో ఆకారం లెక్కల లైబ్రరీ, దానికెదురుగా ఆవిడ డైరెక్టరీ. నేను వెనక నిలబడి చదివాను. చదివాననీ ఆవిడకి తెలుసు. వెళ్లి చిన్నొదినని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, తెర చూపించింది.

చిన్నొదిన కాసేపు చూసింది. ఎగిరి గంతేస్తుందనుకున్నాను, తప్పు తనది కాదని తేలింది కదా. వెయ్యలేదు. పెద్దొదిన అడిగింది, ప్రోగ్రాము తయారుచేసేటప్పుడే దాని ఒంట్లో లైబ్రరీ అడ్రసు కుట్టేయొచ్చు కదా, నువ్వు కుట్టలేదా అని. తనమీది నేరం కాస్తయినా అటు తోద్దామనే, ఇంకెందుక్కాదు. చిన్నొదిన కుట్టానంది. ఆ అడ్రసుల్లో రెండు రకాలున్నాయట. ఒకటి ఎవరి మాటా వినకుండా ముందు అక్కడికే పోయే రకం. రెండోది, బయట నుంచి చెప్పే మాట ముందు విని, అక్కడ దొరక్కపోతేనే తన అడ్రసుకి వెళ్లే రకం. ఆవిడ పెట్టింది రెండోది.

"మొదటిది పెట్టొచ్చక్కా. కానీ ఈ మెషీన్లు మీవి. ఎప్పుడైనా మీరేదైనా మార్చాలనుకుంటే మీ మాట ముందు చెల్లాలి కదా. నా ప్రోగ్రాము మీ మాట దాటకూడదని అలా పెట్టాను."

పెద్దొదిన జుట్టు ముడిలోంచి పెన్ను తీసి, బల్ల మీద పెట్టి, మళ్లీ తీసి గుచ్చుకుంది. తర్వాత లాగిన్ ఫైలు తెరిచి, తను రాసిన లైనుని చెరిపేసింది. పాత మెషీన్ ప్రోగ్రాముకి మాత్రం ఎప్పటిలా విడిగా ఏర్పాటు పెట్టింది. మళ్లీ ఆ ఆజ్ఞ కొట్టి, ఈసారి చిన్నొదిన లైబ్రరీ పేరు ఎదురుగా సరైన చోటు వచ్చేదాకా చూసింది. తూనిక దగ్గరికి తనే వెళ్లి చెప్పింది. ఆయన ఎప్పటిలాగే చాలాసేపు ఆలోచించి, సరే, ఇంకొకటి చెక్కండి అన్నాడు. కానీ చెక్కి ఏం లాభం? తొడుక్కోవాల్సిన మనిషి వద్దంది కదా.

ఆ సాయంత్రం నేనూ చిన్నొదినా అమ్మని బతిమాలాం. అమ్మ ఆ కొత్తరకం పద్ధతే మంచిది కాదని ఒక్కముక్క అని ఊరుకుంది. చిన్నొదిన తల దించుకుంది. అప్పుడు పెద్దొదిన వచ్చి మంచం పక్కన నేల మీద చతికిలబడింది.

"అత్తయ్యా, పద్ధతి మంచిదే. తప్పు దాని ప్రోగ్రాముది కాదు, నాది. ప్రతీదీ ముందు నా దగ్గరికే రావాలని మెషీన్లో ఒక లైను రాసిపెట్టాను. మీ కాలి లెక్క కూడా నా దగ్గరున్న పాతదానికే వచ్చింది. అందుకే బిగిసింది."

అమ్మ మెల్లగా ఇటు తిరిగింది. "ఎందుకు రాశావ్?"

పెద్దొదిన నేల వైపు చూస్తూ చెప్పింది. "పుండు కడిగింది నేను. కాలు పోయాక మీరు పిలిచేది దాన్ని. నేను ఎదురుగా నిలబడున్నా దాన్నే పిలుస్తారు. వర్క్‌షాపులోనూ అంతే. నాకు కడుపు మండిపోయింది అత్తయ్యా."

చిన్నొదిన కళ్లు పెద్దవి చేసింది. అమ్మ ఇప్పుడు అంటుంది చూడు ఒక మాట అనుకున్నాను. మా అమ్మ నోరు నాకొచ్చిందంటారు అందరూ. అమ్మ మాత్రం పెద్దొదిన వైపు చూసి, తల దగ్గరున్న గోడని వేలితో కొట్టింది.

"దీనవతల దాని గది. మూలిగినా వినిపిస్తుంది. నీ గది వంటింటి వెనకాల. నిన్ను పిలవాలంటే గొంతు చించుకోవాలి. ఆపరేషనయ్యాక నాకంత గొంతెక్కడుందే? పిలిచి పిలిచి నోటికి అదే అలవాటైంది, నువ్వెదురుగా ఉన్నా అదే వచ్చేస్తుంది. ఒక్కసారి అడిగుంటే చెప్పేదాన్ని కదా."

అడగడమా, మా పెద్దొదినా? ఎదుటివాళ్లు తనని అడగాలని కూర్చునే మనిషికి, తను వెళ్లి ఒకర్ని అడగొచ్చని ఎలా తోస్తుంది? ఆవిడ కళ్లనీళ్లు జారిపోతుంటే మోచేత్తో తుడుచుకుని, కాలు మళ్లీ కొలవక్కర్లేదనీ, కొలత సరిగ్గానే ఉందనీ, లెక్క మారితే చాలనీ ఏదేదో గొణిగింది. అమ్మ విసుక్కుంది. "అయితే చెక్కండి. ఇంకా ఇక్కడ కూర్చుని ఏడుస్తావేం" అంది. నాకు నవ్వాగలేదు.

రెండో సాకెట్ అమ్మకి కుదిరింది. కడ్డీల మధ్య ఈ చివర నుంచి ఆ చివరికి, తిరిగి ఈ చివరికి. తొడిగి విప్పితే చర్మం మీద అల్లిక అచ్చు లేదు. పెద్దొదిన తనే వంగి చూసి, తనకే ఎవరో కాలిచ్చినంత గట్టిగా ఊపిరి వదిలింది.

ఆ తర్వాత చిన్నొదిన ఒకరోజు అన్నం తింటూ, "అక్కా, గదులు మార్చుకుందామా? మీరు అత్తయ్య పక్క గదిలోకి రండి" అంది. పెద్దొదిన అబ్బే ఎందుకంది. ఎందుకులే అంది. నీకు ఇబ్బంది కదా అంది. ఇంతా అని సెలవు రోజు పొద్దున్నే బీరువాలోని బట్టలన్నీ తీసి మంచం మీద పోసి కూర్చుంది. మా అన్నలిద్దరూ తిట్టుకుంటూ బీరువా లాగారు. మంచాలు మారాయి, కర్టెన్లు మారాయి. చిన్నొదిన మర్చిపోయి వదిలేసిన చెంచాలు ఆ గదిలో గుప్పెడు దొరికాయి. సాయంత్రానికి పెద్దొదిన ఆ గదిలో స్థిరపడి, అమ్మ గది వైపు తలుపు బార్లా తెరిచి పెట్టుకుంది. ఎవరైనా దగ్గరగా వేస్తే మళ్లీ తెరిచేది.

అప్పటికి అమ్మ రోజూ ఇంట్లో కాసేపు ఆ కాలితో తిరిగేది, నేను పక్కన ఉంటేనే. మరుసటి సెలవు రోజు మధ్యాహ్నం నేను పెద్దొదిన గదిలో కూర్చుని పాత బట్టలకి బొత్తాలు కుడుతున్నాను. ఇల్లంతా సద్దుమణిగి ఉంది. అవతల అమ్మ దగ్గింది. మంచం కిర్రుమంది. పెద్దొదిన చేతిలో బట్ట పక్కన పెట్టేసి, సగం లేచి, తల అటు వాల్చి చెవి పెట్టింది. ఆ మొహంలో ఎంత ఆశ ఉందంటే, నేనూ కుట్టడం ఆపేశాను. అమ్మ గొంతు సవరించుకుంది. పెద్దొదిన అప్పుడే తలుపు దాకా వెళ్లింది.

పిలుపు రాలేదు. దానికి బదులు నేల మీద టక్, ఆగి, టక్ అని చప్పుడు వినిపించింది. ఇద్దరం తొంగి చూశాం. అమ్మ గోడ పట్టుకుని, తొందరపడకుండా, నడుచుకుంటూ వంటింటి వైపు పోతోంది. మంచినీళ్ల బిందె మీద మూత తీసింది. గ్లాసు ముంచుకుని తాగింది. గ్లాసు కడిగి బోర్లించి, మూత పెట్టి, అదే దారిలో వచ్చింది. మా గుమ్మం ముందు నుంచే పోతూ మమ్మల్ని చూసి, "ఏంటే, పనేం లేదా మీకు?" అని తన గదిలోకి వెళ్లిపోయింది.

వంటింటి వెనక గది తలుపులోంచి చిన్నొదిన కూడా తల బయటపెట్టి చూస్తోంది. ఆవిడ కూడా చెవులు రిక్కించుకునే కూర్చుందని నాకు అప్పుడు తెలిసింది. తోడికోడళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పెద్దొదిన వెనక్కి వచ్చి మంచం మీద కూర్చుని, వదిలేసిన బట్ట చేతిలోకి తీసుకుంది. సూదిలో దారం ఎక్కించడానికి చాలాసేపు పట్టింది.

"అత్తయ్య ఎవర్నీ పిలవలేదు, చూశావా?" అంది.

చూశానన్నాను. తలుపు దగ్గరగా వెయ్యమంటావా అని అడిగాను. వద్దు, ఉండనీ అంది.